పాకెట్టులో పోసిన అవిసెలు

"ఏంమే, ఈ కారంలో ఉప్పు యాడుండాది?"

"కర్నూలు డాక్టరును అడుగు పో."

మా ఆయనా నేనూ చివరిగా మాట్లాడుకున్నది ఇదే. సగం రొట్టె తట్టలోనే వదిలేసి, కొడవలి తీసుకుని చేనికి పోయాడు. గట్టు పక్కన అవిసెలు కోతకొచ్చి ఉన్నాయి. రెండు సాళ్ళు కోసి, మూడో సాలు మొదట్లో కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు.

ఇది నేను చెబుతున్నాను, మా తోడికోడలు రాస్తోంది. నాకు వేలిముద్ర పోయి సంతకం వచ్చింది, అంతకు మించి రాలేదు. ఆమె అంగన్‌వాడీలో పిల్లలకు పాటలు చెప్పి, ఆ ఉద్యోగం నుంచి దిగిపోయిన మనిషి. మొదటి రెండు మాటలు చెప్పగానే కలం ఆపింది.

"అక్కా, ఇట్ల రాస్తే చదివేవాళ్ళు ఏమనుకుంటారు? 'జాగ్రత్తగా పోయిరా' అన్నావని రాస్తా."

"యానాడన్నా అన్నానా ఆ మాట? పక్కనుండే చేనికి పోయేవానికి జాగ్రత్తలేందే? నేను చెప్పినట్ల రాయి."

రాసింది. రాసిందనే అనుకుంటున్నాను.

అవిసెలను మా ఊళ్ళో అగిసెలంటారు. దాన్ని ఎవరూ పంట కింద లెక్కపెట్టేవాళ్ళు కాదు. నల్లరేగడిలో శనగ వేసి, చుట్టూ నాలుగు సాళ్ళు ఇవి వేసేవాళ్ళం, మేకలు మూతి పెట్టవని. కంచెకు బదులన్నమాట. పొద్దున నీలంగా పూసి, ఎండెక్కేసరికి రేకులు రాల్చేసుకుంటుంది. గింజలు వేయించి, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డలు, ఉప్పు వేసి రోట్లో దంచితే జొన్నరొట్టెలోకి కారం. ఒంటి మీద గడ్డ లేస్తే గింజలు నూరి, ఉడికించి, గుడ్డలో పెట్టి వేడిగా పట్టు వేసేవాళ్ళం. నూనె తలుపులకు, బండి చెక్కలకు పూసేవాళ్ళం. ఎండిన కాడలు నీళ్ళపొయ్యిలోకి. చుట్టాలు వస్తే మాత్రం ఆ కారం గిన్నె అటక మీదికి పోయేది. లేనివాళ్ళ తిండని మాకే సిగ్గు.

ఇప్పుడు దానికి పట్టిన యోగం చూడాలి. మా మరిది కూతురు ఈ గింజలు ఉడికించి, ఆ జిగురు వడగట్టి తలకు పట్టిస్తుంది.

"ఏంటికి పాపా ఇది?" అని అడిగాను.

"జుట్టు ఉంగరాలు తిరుగుతాది పెద్దమ్మా."

ఆ వయసులో నా జుట్టు ఒక్క ఉంగరం తిరిగినా మా అమ్మ దువ్వెనతోనే కొట్టేది. ఈ ముక్క రాస్తుంటే తోడికోడలి కలం కొంచెం నెమ్మదించింది. కూతురు ఆమెదే కదా.

మరిది ఒక పెళ్ళికని కర్నూలులో లినెన్ చొక్కా కొన్నాడు. అది అవిసె కాడల నారతో నేసిన బట్ట అని అంగడివాడు చెప్పాడట. బస్సులో కూర్చుని లేచేసరికి ఎద్దు నమిలి వదిలినట్టు ముడతలు పడింది.

"అది ముడతలు పడితేనే మర్యాద వదినా," అన్నాడు.

అట్లయితే ఇన్నేళ్ళుగా మేము ఎన్ని మర్యాదలు పొయ్యిలో పెట్టి నీళ్ళు కాచుకున్నామో.

మా ఆయన సంగతికి వస్తాను. ఒకరోజు తల తిరిగి పడబోతే కర్నూలు తీసుకుపోయాను. డాక్టరు చూసి బీపీ అన్నాడు. మాత్రలు రాశాడు, ఉప్పు తగ్గించమన్నాడు, పొద్దున్నే ఒక చెంచా అవిసెలు నమలమన్నాడు. 'మా చేను చుట్టూ అవే కదా సార్' అంటాడని మా ఆయన మొహం చూశాను. ఆయన చేతులు కట్టుకుని, "యా అంగట్లో దొరుకుతాయి సార్?" అని అడిగాడు.

మందుల అంగట్లో పాకెట్టు కొన్నాడు. దాని మీద పళ్ళన్నీ కనిపించేటట్టు నవ్వే ఆడమనిషి బొమ్మ. ఆమె జొన్నరొట్టె మొహం చూసి ఉండదు. ఇంటికి వచ్చాక ఇప్పి చూపించాడు.

"ఇవి మన అగిసెలే గదా?" అన్నాను.

"మనవే. కానీ ఇవి మందు. నువ్వు దంచేది తిండి. రెండూ కలిపి మాట్లాడొద్దు."

దేవుని గూట్లో, మాత్రల పక్కన పెట్టాడు ఆ పాకెట్టును. దాని మూతికి బట్టల క్లిప్పు. పొద్దున్నే స్నానం చేసి, చెంచాడు పోసుకుని, కండ్లు మూసుకుని నమిలేవాడు. అదే గింజ కారమై తట్టలోకి వస్తే మాత్రం, "ఉప్పు లేని కారం గొడ్లు గూడా తినవు," అని నా మీద విసుక్కునేవాడు.

పాకెట్టు అడుగంటింది. అప్పుడు శనగ పీకే రోజులు, కర్నూలు పోయి వచ్చే తీరిక ఎవరికీ లేదు. ఇంట్లో కుండ నిండా గింజలుండగా ఇదేం కర్మ అనుకున్నాను. చేటలో చెరిగి, రాళ్ళు ఏరి, పాకెట్టులో పోసి క్లిప్పు పెట్టాను. మరుసటి పొద్దున ఆయన నములుతూ, "చూడు, మన గింజకు దీనికి ఎంత తేడా ఉండాదో. పంటి కిందనే తెలుస్తాది," అన్నాడు.

"తెలుస్తాది," అన్నాను.

ఆ పొద్దు నుంచి తగ్గినప్పుడల్లా పోస్తూనే ఉన్నాను. ఏడాది దాటినా ఆ పాకెట్టు అయిపోలేదు. ఎందుకు అయిపోలేదని ఆయనా అడగలేదు. టీ అంగడి దగ్గర, "కంపెనీ సరుకప్పా, శానా దినాలు వస్తాది," అని నలుగురికి చెప్పాడట. బీపీ దిగింది. డాక్టరు పాకెట్టును మెచ్చుకున్నాడు, ఆయన డాక్టరును మెచ్చుకున్నాడు. నన్ను మెచ్చుకోవడానికి ఎవరూ మిగల్లేదు.

నాకు తొందర లేదు. ఈసారి కోత అయ్యాక, కొత్త గింజలు చెరిగి, ఆయన చూస్తుండగానే ఆ పాకెట్టులో పోయాలనుకున్నాను. ఆ మొహం చూసి ఒక పూటంతా నవ్వుకోవాలని దాచుకున్న మాట అది. నవ్వుకునే పూట రాలేదు. మాట నా దగ్గరే మిగిలిపోయింది.

మూడోనాడు సమాధి దగ్గర పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ పెడతారు. కాకి ముట్టాలి. నేను అవిసెల కారం దంచుకున్నాను, పిడికెడు ఉప్పు వేసి.

"అక్కా, బావకు బీపీ గదా," అంది తోడికోడలు.

"ఇంగ యా బీపీమే?"

మరిది ఆ పాకెట్టు తెచ్చి, విస్తరిలో ఒక చెంచాడు పోశాడు. "అన్నకు ఈ గింజలంటే ప్రాణం," అని కండ్లు తుడుచుకున్నాడు. అవి మన కుండలోవే అని అక్కడ చెప్పి ఉండొచ్చు. ఆయనకు చెప్పని మాట ముందుగా వీళ్ళకెందుకు చెప్పాలనిపించింది. కాకి వచ్చింది. మందు ముట్టలేదు, కారం ముట్టలేదు. వడ ఎత్తుకుని పోయింది. ఆయన వడ తినేవాడే కాదు. అయినా అందరూ తృప్తిపడి ఇంటికి పోయారు.

ఇక్కడికి వచ్చేసరికి తోడికోడలు కలం కింద పెట్టింది.

"బావకు తెలుసులే అక్కా. తెలిసే తిన్నాడు."

"నీకు చెప్పినాడా?"

"చెప్పల్యా. నాకట్ల అనిపిస్తాంది."

"నీకు అనిపించేది నీ పుస్తకంలో రాసుకో. ఇది నాది."

ఆయనకు తెలియదు. తెలిసి ఉంటే ఆ రోజు ఉప్పు గురించి అడిగేవాడు కాదు, నా దొంగతనం ఎత్తి చూపేవాడు. నా తప్పు చేతికి దొరికితే సాయంత్రం దాకా దాచుకునే మనిషి కాదు. నేను చెప్పాల్సిన మాట ఒకటి, చెప్పింది ఒకటి. రెండూ ఇందులో ఉండాలి. అందుకే చెప్పి రాయించుకున్నాను.

"చాలు, ఇంగ చదువు. మొదటి నుంచి, ఆ ఉప్పు మాట కాన్నుంచి చదువు. నువ్వు ఏమన్నా తియ్యగా మార్చింటే నాకు తెలుస్తాది."