పెదనాన్న బొటనవేలి గోరు

పెదనాన్న పేరు వింటే నాకు ముందు గుర్తొచ్చేది ఆయన బొటనవేలి గోరు. ఇప్పటికీ రోతగానే ఉంటుంది.

మా దీవిలో, మాంటాన్ బ్లాంష్ అనే ఊళ్లో ఇంటి వెనక ఆయనకు తేనెపెట్టెలుండేవి. వాటిలోని పసుపు ఈగలన్నీ ఎస్టేటు దొర ఇచ్చిన ఒక్క రాణి సంతతే. చెరుకుతోటల రాళ్లగుట్టల్లో నల్ల అడవి ఈగలు పట్టు పెడితే, పొగబెట్టి, వాటి రాణిని వెతికి పట్టుకుని గోటితో తల నలిపేవాడు. ఆ జిగురు పంచెకు తుడుచుకుని, “సాల్ జాత్, మురికి జాతి ఇది. ఇవి మనవాటితో కలవకూడదు” అనేవాడు. శనివారం భజనలో ఆ చేత్తోనే పంచామృతం పోసేవాడు. నేనూ చెయ్యి చాపక తప్పేది కాదు.

మా దీవికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు చలికాలంలో పెట్టెలకు తెగులు తగిలింది. అన్నీ ఒకే తల్లి పిల్లలు కావడంతో ఒక్క పెట్టె కూడా తట్టుకోలేదు. పిల్లపురుగులు కుళ్లి పెరడంతా కంపు కొట్టింది. నల్లవైతే ఆ తెగులుకు ఓర్చుకుంటాయని ఎవరో చెప్పారట. పెదనాన్న ఖాళీ పెట్టె చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చాడు.

“తమ్ముడూ, మీ రాళ్లల్లో నల్లవి ఉన్నాయా? ఒక్క రాణి చాలు.”

“ఎక్కడుంటాయన్నా? అన్నిటినీ నువ్వే చంపావు కదా” అన్నాడు నాన్న.

ఆ శనివారం తేనె లేని పంచామృతాన్ని కూడా పెదనాన్నే పంచాడు. నేను చెయ్యి చాపలేదు.