శుక్రవారం ఉత్తరాలు

పదకొండేళ్లు టపా గుమాస్తాగా పనిచేసిన రూప్‌సింగ్‌ను తొంభయ్యారులో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. జూలూరుపాడు అవతలి తండాలో పుట్టి, పదో తరగతి గట్టెక్కి, అడవి అంచున జ్వరాల ఆఫీసులో నౌకరీ తెచ్చుకున్నవాడు. తండాల్లో జ్వరమొచ్చినవాళ్ల వేలు పొడిచి గాజు పలక మీద తీసిన నెత్తురు ఖమ్మం ల్యాబుకు వెళ్లేది. అది ఏ మలేరియానో ల్యాబువాళ్లు ఫోను తీగ మీదుగా ఉత్తరం పంపేవారు. దాన్ని అచ్చు తీసి దవాఖానాకు చేర్చడం రూప్‌సింగ్ పని.

నల్లటి తెర మీద ఉత్తరాలు వరసగా కనిపించేవి, ఒక్కోదాని ముందు ఒక్కో అక్షరం. ఎన్ అంటే కొత్తది, ఓ అంటే పాతది అని ట్రైనింగులో రాసుకున్నాడు. టపా గదిలో పాత కాగితమంటే అందరూ చూసి, సంతకాలై, ఎర్రగుడ్డ మూటలోకి పోయినదే. అందుకే ఓ ఉన్నవాటి జోలికి పోలేదు. ఎన్ ఉన్నవే చూపించే మీట ఒకటి నేర్చుకుని, రోజూ దాన్నే నొక్కేవాడు.

ఆ సోమవారానికి అతని భార్య జమ్లికి జ్వరమొచ్చి ఆరు రోజులు. పొద్దున్నే మనుషులను గుర్తుపట్టడం మానేసింది. దవాఖానాలో మంచం పక్కన పొరుగింటి హేమ్లి విసురుతూ కూర్చుంది. ఆషాఢంలో ఆమె మగడు బద్యా ఇట్లాంటి జ్వరంతోనే పోయాడు.

"క్వినైన్ సూదులు నాలుగే ఉన్నయ్. రిపోర్టు ఉన్నోళ్లకే ఇయ్యాలె. కాగితం తే, ఇప్పుడే ఎక్కిస్త," అన్నాడు డాక్టరు.

జమ్లి నెత్తురు ఖమ్మం వెళ్లింది బుధవారం. శుక్రవారం, శనివారం, ఇప్పుడు సోమవారం, తెర మీద ఆమె పేరు లేదు. గంటన్నర పట్టి ల్యాబుకు ట్రంకు కాల్ దొరికింది.

"శుక్రవారం పొద్దుగాలనే పంపినమయ్యా. ఉండు, రిజిస్టర్ చూసి చెప్త," అన్నాడు అవతలివాడు. చూసేలోపే లైను తెగింది. మళ్లీ దొరకలేదు.

"అబద్ధం ఆడుతున్నారయ్యా," అన్నాడు హెడ్ క్లర్క్ బసవపున్నయ్య. కల్లూరు వైపు రైతుల బిడ్డ, పెద్దమనిషి. "పంపకుండానే పంపామంటారు. లేదంటే ఈ మిషనే తినేసి ఉండాలి."

మిషను తింటుందో లేదో చూద్దామని రూప్‌సింగ్ తనకు తానే ఒక ఉత్తరం రాసుకున్నాడు. వచ్చింది. ముందు ఎన్ ఉంది. ఇంకొకటి పంపాడు. అది కనిపించేసరికి అవతల ఫోను మోగింది. ల్యాబేమోనని, దాన్ని చదవకుండానే తెర మీది ఉత్తరాల పెట్టె మూసి పరుగెత్తాడు. ఎవరో రాంగ్ నంబరు. తిరిగొచ్చి తెరిస్తే మీట నొక్కినా ఏమీ లేదు. మొత్తం వరస తెప్పించాడు. అడుగున ఆ రెండో ఉత్తరం. ముందు ఓ.

చదవలేదు గదా. మూసి తెరిచినందుకే పాతదైపోయింది.

బసవపున్నయ్య వైపు తిరిగాడు. "సార్, నేను తెరవకముందే దీన్ని ఎవరన్న తెరుస్తున్నరా?"

"ఎవరూ లేరే. నేనే, శుక్రవారం ఒక్కపూట," అన్నాడు బసవపున్నయ్య. "పదిన్నరకు రాహుకాలం వచ్చేస్తుంది గదా. ఆలోపే ఓసారి తెరిచి, అగరుబత్తి చూపించి మూసేస్తా. ముందే ముట్టుకున్న పనికి రాహువు అడ్డురాడు. పన్నెండు దాటాక నువ్వు తీస్తావు. ఒక్క అక్షరం చదవలేదయ్యా, ఒట్టు."

"అదే సార్," అన్నాడు రూప్‌సింగ్. "ఎవ్వలం చదవలే."

వేలితో తెర మీద ఒక్కో వరసా పట్టుకుని పైకి పోయాడు. మొన్న శుక్రవారంవి మూడు. రెండోది జమ్లిది, మెదడుకెక్కే రకం. ఆ పైన కిందటి శుక్రవారం, ఆ పైన దాని ముందుది. మిషను వచ్చిన ఎనిమిది నెలల శుక్రవారాలు, అన్నిటి ముందూ ఓ. మిషను కరకరలాడుతూ అచ్చు వేస్తుంటే ఒక్కో పేరూ బయటికొచ్చింది. ఆషాఢం దగ్గర బద్యా పేరు వచ్చింది. ఆ చితికి కట్టెలు మోసినవాళ్లలో రూప్‌సింగ్ ఒకడు.

బసవపున్నయ్య ఆ పేర్ల కాగితం చివరిదాకా చదివాడు. తన స్కూటర్ తాళంచెవి బల్ల మీద పెట్టాడు. "నువ్వు పో. మిగతావాళ్ల ఇళ్లకు నేను మనిషిని పంపుతా."

మూడు గంటలకు సూది ఎక్కింది. జమ్లి కళ్లు తెరవలేదు. సీసాలోంచి చుక్కలు పడుతుంటే రూప్‌సింగ్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఇంక ఏం గాదు తమ్మీ. నీ కాగితమన్న వచ్చింది, మంచిదాయె," అంది హేమ్లి, విసనకర్ర ఆపకుండా. "మీ బావది ఎదురుచూసి ఎదురుచూసి, రానే రాలే."

చొక్కా జేబులో బద్యా కాగితం మడత గుచ్చుకుంటోంది.

"బావదీ వచ్చింది అక్కా," అన్నాడు. "అప్పుడే వచ్చింది. నేనే చూడలే."

విసనకర్ర ఆగింది. హేమ్లి అతని మొహంలోకి చాలాసేపు చూసింది. ఈగ ఒకటి జమ్లి పెదవి మీద వాలింది. హేమ్లి మళ్లీ విసరడం మొదలుపెట్టింది, అతని వైపు మాత్రం తిరగలేదు.