అక్క చెవికి తగిన సూది

వీధి మలుపులో మెట్ల కింద గదిలో ముప్ఫై రెండేళ్లుగా గడియారాలు బాగుచేస్తున్న ఆయన్ని అందరూ ‘నిమిషం మావయ్య’ అనేవారు. ఎవరొచ్చి ఏమడిగినా, కంటికి తగిలించుకున్న భూతద్దం తియ్యకుండానే “ఒక్క నిమిషం” అనడం ఆయన అలవాటు. ఆ నిమిషం పావుగంట సాగినా ఎవరూ విసుక్కునేవారు కాదు. ఆయన చెయ్యి పడ్డ గడియారం మళ్లీ మొరాయించదని అందరికీ నమ్మకం.

ఆయన పెళ్లి చేసుకోలేదు. మెట్ల పైన రెండు గదుల వాటాలో ఆయనా, టైపిస్టుగా రిటైరైన అక్కా ఉండేవారు. సాయంత్రం ఆయన కొట్టు మూసి పైకి వెళ్లేసరికి అక్క రికార్డు ప్లేయర్ మీద పాట పెట్టుకుని, కాళ్లు చాపుకుని కూర్చుని ఉండేది.

కిందటేడు ఆమెకు పెద్ద జ్వరం వచ్చింది. జ్వరమైతే పోయింది గాని, పోతూ పోతూ చెవుల్ని పాడుచేసి పోయింది. మెల్లగా మాట్లాడితే వినపడదు. కాస్త కీచుగా ఏం మోగినా బాధతో మెలికలు తిరిగిపోతుంది. వంటింట్లో గరిటె జారిపడితే పది నిమిషాలు తల పట్టుకునేది. పాట మధ్యలో తాళాలు మోగినప్పుడల్లా చెవులు మూసుకుని, మూసుకుని, ఒకరోజు ప్లేయర్ మీద దుప్పటి కప్పేసింది.

“పోనీలేరా. విన్నన్నాళ్లు విన్నాను,” అంది.

ఆ ‘పోనీలేరా’ తమ్ముడికి మింగుడుపడలేదు. మర్నాడే రికార్డులమ్మే కొట్టుకు వెళ్లాడు.

“ప్లేయర్‌ది తప్పు కాదండీ,” అన్నాడు కొట్టాయన. “రికార్డు మీద వాలే చేతి చివర సూది పట్టుకుని ఉండే చిన్న డబ్బీ ఉంటుంది చూడండి, కార్ట్రిడ్జ్, అసలు సంగతంతా దాన్లోనే ఉంది. కొన్ని గీసినట్టు పలుకుతాయి. కొన్ని వెచ్చగా, మెత్తగా పలుకుతాయి. మీ అక్కగారిని తీసుకొస్తే వినిపిస్తాను.”

అక్క ఎలా వస్తుంది? వీధిలో హారన్లకే ఆమె ప్రాణం పోతుంది. మరి ఆమె చెవికి ఏది వెచ్చనో తన చెవితో ఎలా తెలుస్తుంది? రెండు రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగి, చివరికి తనకు తెలిసిన దారే పట్టాడు. అక్కను బతిమాలి, ఆమెకు బాగా ఇష్టమైన రికార్డు ఒక వైపు పూర్తిగా వినిపించాడు. చేతిలో గడియారం పెట్టుకుని, ఆమె మొహం ఎక్కడెక్కడ ముడుచుకుందో నిమిషాలూ సెకన్లతో సహా కాగితం మీద రాసుకున్నాడు. మొత్తం పదకొండు చోట్ల.

ఆ కాగితం, ఆ రికార్డు చంకన పెట్టుకుని మళ్లీ కొట్టుకు వెళ్లాడు. కొట్టాయన మూడు కార్ట్రిడ్జ్‌లు ఒకదాని తర్వాత ఒకటి బిగించి వినిపించాడు. మొదటిది పదకొండు చోట్లా కీచుమంది. రెండోది ఎక్కడా కీచుమనలేదు గాని, పాడే మనిషి దుప్పట్లో దూరి పాడుతున్నట్టుంది. మూడోదానికి తాళం దూరం జరిగింది, గొంతు పక్కకొచ్చి కూర్చుంది. అయినా నిమిషం మావయ్యకు నమ్మకం కుదరక మూడుసార్లు విన్నాడు. నిజంగా బాగుందా? లేక బాగుండాలని తను కోరుకోవడం వల్ల అలా వినపడుతోందా?

“ఇది ఒక్కటే మిగిలింది. ఈ రకం ఇప్పుడు తయారుచెయ్యడం లేదు,” అన్నాడు కొట్టాయన. “సూది మాత్రం జాగ్రత్త. వేలు తగిలితే విరుగుతుంది. అయినా మీకు చెప్పేదేముంది మాస్టారూ, గడియారాల్లో వెంట్రుకంత స్ప్రింగులు బిగించే చేతులు! మీకిదెంత పని?”

నిమిషం మావయ్య నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది.

ఎందుకంటే ఆ చేతులిప్పుడు వణుకుతున్నాయి. నాలుగు నెలలైంది. మొదట కాఫీ ఎక్కువైందనుకుని మానేశాడు. తర్వాత నిద్ర చాల్లేదనుకున్నాడు. ఈమధ్య ఆడవాళ్ల చిన్న గడియారాలొస్తే “పార్టులు దొరకడం లేదమ్మా” అని తిప్పి పంపేస్తున్నాడు. అక్కకు తెలియకుండా అన్నం కూడా ఆమె తిని లేచాకే తింటున్నాడు.

డబ్బీ తెచ్చి బీరువాలో పెట్టాడు. ఒకరోజు వెలుతురు చాలలేదన్నాడు. ఒకరోజు స్క్రూలు సరిపడలేదన్నాడు. నాలుగో రోజు అక్క ఏమీ అడగలేదు. అది ఆయన్ని ఇంకా భయపెట్టింది.

అయిదో రోజు మధ్యాహ్నం అక్క కునుకు తీస్తుంటే, కిటికీ దగ్గర బల్ల వేసుకుని పనికి కూర్చున్నాడు. పాతది విప్పాడు. కొత్తదాన్ని రెండు స్క్రూలతో ఎలాగో బిగించాడు. ఇక నాలుగు సన్నటి తీగలు, ఒక్కోటి ఒక్కో రంగుది, డబ్బీ వెనకున్న నాలుగు బుల్లి మేకులకు తొడగాలి. ఎర్రది దొరకబుచ్చుకున్నాడు. పట్టకారు మేకు దగ్గరికి వెళ్లేసరికి దాని మొన గాలిలో సున్నాలు చుట్టడం మొదలెట్టింది. ఊపిరి బిగబట్టాడు. మోచెయ్యి బల్లకు నొక్కిపెట్టాడు. పట్టకారు జారి, సూదికున్న ప్లాస్టిక్ తొడుగు మీద టక్కున పడింది. తొడుగు లేకపోతే అంతా అక్కడితో సరి.

“చెయ్యి ఇలా పెట్టు.”

అక్క వెనకే నిలబడి ఉంది. ఆయన చెయ్యి వెనక్కి దాచుకోబోయాడు.

“ఎప్పట్నించి?”

“మొన్నీమధ్యే...”

“అబద్ధాలాడితే చెవి మెలేస్తాను. ఎప్పట్నించిరా?”

“నాలుగు నెలలు,” అన్నాడు. ఆమెకు వినపడలేదు. గట్టిగా మళ్లీ అనాల్సొచ్చింది. 

అక్క కళ్లద్దాలు పెట్టుకుని, ఆయన్ని పక్కకు నెట్టి కుర్చీలో కూర్చుంది. “ముప్ఫై ఏళ్లు టైపు కొట్టిన వేళ్లురా ఇవి. ఏది ఎక్కడ పెట్టాలో చెప్పు.”

“అక్కా, నువ్వొద్దు. వంగితే విరుగు–”

“విరిగితే నా చేత్తో విరుగుతుంది. చెప్పు.”

తన పని ఇంకొకరి చేతిలో చూడటమంత నరకం ఆయనకు మరోటి లేదు. “ఎర్రది పైన కుడివైపు... నెట్టకు, నెట్టకు, జరుపు!” అని అరుస్తుంటే ఆమె “చెవి దగ్గర అరవకురా!” అని అరిచింది. నాలుగు తీగలకు ముప్పావుగంట పట్టింది. ఆఖరిదానికి పట్టు దొరికేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి.

అదే రికార్డు పెట్టారు. ఆయన పాట వినలేదు. అక్క మొహమే చూస్తూ కూర్చున్నాడు. మొదటి తాళం వచ్చింది. ఆమె చెయ్యి ఒళ్లోనే ఉంది. రెండోదీ, మూడోదీ దాటాయి. ఏడో చోట మొహం ముడుచుకుంది. తొమ్మిదో చోటా అంతే. మిగతా తొమ్మిది చోట్లా ఆమె ఊరికే వింటూ ఉండిపోయింది. ఆ వైపు అయ్యాక, “ఆ రెండుచోట్లా నేనే లేచి తగ్గించుకుంటాలే. ఇంకో వైపు తిప్పు,” అంది.

మర్నాడు పొద్దున్నే తమ్ముణ్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. వణుకు ప్రాణాల మీదికి తెచ్చేది కాదట, అలాగని పూర్తిగా పోయేదీ కాదట. మందుతో కొంత అదుపులో ఉంటుందన్నారు. ఆ ‘కొంత’ ఎంతో ఆయనకు ఇప్పటికీ తెలియదు. లేవగానే చేతులు ముందుకు చాచి చూసుకుంటాడు.

ఇప్పుడాయన గోడ గడియారాలు, టైంపీసులు మాత్రమే చేస్తున్నాడు. మొన్న ఒకావిడ చిన్న చేతిగడియారం తెస్తే, పార్టులు దొరకవనబోయి ఆగాడు.

“నా చెయ్యి వణుకుతోందమ్మా. దీన్ని పాడుచేస్తాను. బజారు చివర ఇంకొకాయన ఉన్నాడు, మంచి పనివాడు,” అన్నాడు.

ఆవిడ గడియారం సంచిలో వేసుకుని, “మా ఇంట్లో గోడ గడియారం వెనకబడుతోంది, అది తేనా?” అంది.