మఠం గుమ్మంలో అత్తయ్య కుచ్చిళ్లు

గ్రీసులో మెట్లెక్కాలి, చీరలు వద్దని అమెరికాలో మా ఊరు ఆష్‌బర్న్‌లోనే మా అత్తయ్యతో వాదించి, ఆవిడకు ట్రాక్ ప్యాంటు కొన్నాను. ఆవిడ ఈ రోజు కూడా నేత చీరలోనే బస్సెక్కారు.

ఏథెన్స్ నుంచి పొద్దున్నే బయలుదేరి, మూడొందల మంది వీరులు పెద్ద సైన్యాన్ని అడ్డుకున్న థెర్మోపిలే యుద్ధభూమి చూశాం. అక్కడే అత్తయ్య తెచ్చిన పులిహోర తిని, మధ్యాహ్నానికి మెటియోరా కొండకొమ్ముల మీది క్రైస్తవ మఠాలకు చేరాం. మెట్లన్నీ ఎక్కాక గుమ్మంలో ఒక సన్యాసిని నన్ను ఆపేసింది. ఆడవాళ్లు ప్యాంటుతో లోపలికి రాకూడదట. చుట్టుకోమని ఒక గుడ్డ ఇచ్చింది. అత్తయ్యను మాత్రం నవ్వుతూ లోపలికి రమ్మంది.

నా గుడ్డ జారిపోవడం చూసి అత్తయ్య వెనక్కి వచ్చారు.

“ఇటు రా అమ్మా, కుచ్చిళ్లు పెడతాను.”

“అత్తయ్యా, వెనకాల లైన్ ఆగిపోయింది.”

“ఆగనీ. దేవుడి ముందు జారిపోతే బాగుంటుందా?”

తిరిగి చూస్తే లైన్‌లో ఎవరూ విసుక్కోవడం లేదు. ప్యాంట్లేసుకున్న ముగ్గురు టూరిస్టు ఆడవాళ్లు తమ గుడ్డలు పట్టుకుని వంతు కోసం నిలబడ్డారు. అత్తయ్య ముగ్గురికీ కుచ్చిళ్లు పెట్టాకే లోపలికి కదిలారు.

ట్రాక్ ప్యాంటుకి ట్యాగ్ ఇంకా తీయలేదు. మీడియం సైజు. ఎవరికైనా కావాలా?