గీత గీయని నల్లరాయి

రాళ్లు తొలిచే మన డ్రిల్లరు సాధించిన మొదటి ఘనత, ఎన్నో తొలిచే మొనలు అరగదీశాక, పురాతన లావా గడ్డకట్టిన నల్లరాతి చారలోంచి విరగని రాతి కడ్డీని బయటికి తీయడం. ఆ తరవాత ఆ పనిలో ఆయన్ని మించినవాడు లేడు.

రాయి చల్లారిననాటి ఉత్తర దిక్కు అయస్కాంతపు గుర్తుగా దానిలోనే ఉండిపోతుంది. కడ్డీని కదపకముందే దానిపై నేటి ఉత్తరానికి గీత గీస్తే, ఆ తేడానుబట్టి ఈ నేల ఒకప్పుడు సముద్రం అవతలి నేలతో కలిసి ఉండేదని రుజువు చేయవచ్చు. అందుకు పనికొచ్చే చార ఆయన ఊళ్లో ఒక్కటే.

క్వారీవాళ్లు దాన్ని పేల్చేసిన రోజున, అంతకుముందే దానిలోంచి లాగిన ఒకే ఒక్క కడ్డీతో ఆయన ఇంటికొచ్చి వంటగదిలో కూలబడ్డాడు.

"హడావుడిలో గీత గీయకుండా లాగేశానే. బతుకంతా చేసిన పని మట్టిపాలైంది."

"నిద్రలో లేపినా ఉత్తరం ఎటో చెప్పేవారు, ఇప్పుడేమైందండీ?" అంది భార్య. "పోనీ, ఆ చారే రేవు అవతలి దీవిలో మళ్లీ పైకి తేలుతుందన్నారుగా?"

"తేలుతుందే. అక్కడా క్వారీ మొదలెట్టారట. నేను వెళ్లేసరికి రాయి మిగలాలిగా!"

మర్నాడే డ్రిల్లు భుజాన వేసుకుని పడవెక్కాడు. దీవి నుంచి ఒక్కసారే ఫోను చేశాడు.

"గీత గీశారా?" అని ఆమె అరిచింది. అటునుంచి పేలుడు చప్పుడు వినిపించి లైను తెగిపోయింది.

అప్పటినుంచి ఆమె ఆ నంబరుకే చేస్తోంది. ఆయన ఎక్కవలసిన తిరుగు పడవ మార్చి పంతొమ్మిదిన రేవుకొస్తుంది.