జానెడు ఫిల్ము

1996లో హిందూపురంలోని ఒక థియేటర్లో నేను ఆపరేటర్ని. పదో తరగతి తప్పినా శాఖా గ్రంథాలయంలో దొరికిందల్లా చదివినవాణ్ణి. అందుకే మార్నింగ్ షోకి ఆ ఇంగ్లీషు బొమ్మ వచ్చేనాటికే దాని దర్శకుడి గురించి ఒక పత్రికలో చదివి ఉన్నాను. అతను అమెరికావాడు కాడు. పరాయి దేశం నుంచి వచ్చి, తుపాకులూ కార్ల పరుగులూ లేని అమెరికాను తీశాడు. ఒక పెట్రోలు బంకు, దాన్ని నడిపే మొగుడు, జబ్బుపడిన పెళ్ళాం. ఎవరూ గట్టిగా ఏడవరు కూడా. మా మేనేజరు మాత్రం పోస్టరు మీద ‘పెద్దలకు మాత్రమే’ అని అంటించాడు.

మూడో రోజు మ్యాట్నీకి ఒక పెద్ద హీరో కొత్త సినిమా. పదింటికే గేటు దగ్గర జనం. మేనేజరు బూత్‌లోకి వచ్చాడు.

“ఏమబ్బా లైబ్రరీ, ఈ షో తొందరగా వదలల్ల, ఏ రీలు లేపేస్తే జనానికి తెలీదు?”

రీలంటే సుమారు పది నిమిషాల బొమ్మ. ఇంగ్లీషు సినిమా ఎట్లాగూ అర్థం కాదని రీళ్ళు లేపేయడం మా వైపు మామూలే. కుదరదని చెప్పాల్సింది. కానీ నన్ను సలహా అడిగాడన్న గర్వం.

“ఎనిమిదో రీలు సార్. దాంట్లో మాటలే లేవు.”

నిజానికి బూత్‌లో మేము సినిమా చూడము. వెలుగునిచ్చే కార్బన్ కడ్డీలు సరిచేసుకుంటూ, రీలు మార్చమని తెర మూలన పడే చుక్క కోసమే కంతలోంచి చూస్తాము. మిగతాదంతా స్పీకర్లో వినడమే. ఎనిమిదో రీల్లో స్పీకరు ఊరికే ఉండేది. నాకు తెలిసింది అంతే.

షో అయ్యాక ఒక మనిషి బూత్ మెట్లెక్కి వచ్చాడు. పేరు ఓబులేసు, ధర్మవరంలో మగ్గం నేస్తాడట.

“అన్నా, ఆయమ్మ ఏమాయె? మొగుడు సంతకం పెట్టె, ఆపరేషన్‌కు లోపలికి తీసకపాయిరి. మళ్ళ చూస్తే ఆయప్ప ఒక్కడే కాఫీ తాగుతాండాడు.”

“ఇంగ్లీషు అర్థమైందా నీకు?” అని మేనేజరు నవ్వాడు. “బూతు బిట్లు పడలేదని వచ్చినావేమో.”

“మాటలు నాకు తెలీవు సార్. ఆయమ్మ మంచం తెలుస్తాది. నా పెండ్లాం గూడ ఈడ ఆస్పత్రిలో ఉండాది. ఒంటిగంటకు సంతకం పెట్టల్లంట, కోసేదానికి. భయమేసి ఈడికొచ్చి కూచున్నా.”

తెలీదు అనడానికి నా చదువు ఒప్పుకోలేదు. “పోయిందిలేప్పా. అట్లాంటి కథలు అట్లే ఉంటాయి” అన్నాను.

అతను మెట్లు దిగిపోయాడు.

పక్కన పెట్టిన రీలు అప్పుడు తీశాను. చుట్టే బల్ల మీద, బల్బు ముందు, బొమ్మా బొమ్మా చూశాను. ఆమె చావలేదు. మంచం మీంచి లేచింది, గోడ పట్టుకుని నడిచింది, చివర్లో చేతిసంచీతో బస్సెక్కి కిటికీలోంచి చెయ్యూపింది. అంతా మాటల్లేకుండానే. ఆ దర్శకుడు మౌనంగా చెప్పిందాన్ని, అతని గురించి వ్యాసం చదివిన నేను, ఏమీ లేదని తీసేశాను.

నా మీద నాకే వచ్చిన కోపంలో కత్తెర తీసుకున్నాను. జానెడు ముక్క కోసి జేబులో పెట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తాను.

వరండాలో నర్సమ్మ అతన్ని తిడుతూ ఉంది. “డాక్టరు కాచుకోనుండాడు. సంతకం పెడతావా, మా ప్రాణం తీస్తావా?”

“నేను పెట్టనమ్మా. ఆయప్ప పెట్టినాడు, ఏమాయె?”

ఆయప్ప ఎవరో ఆమెకు తెలియదు. నాకు తెలుసు.

“అబద్ధం చెప్పినానప్పా. చూడకుండా చెప్పినా” అని ముక్క చేతిలో పెట్టాను. అతను కిటికీ వెలుతురుకు పట్టి, పోగులో ముడి వెతికినట్టు ఒక్కొక్క బొమ్మే చూశాడు.

“బస్సెక్కింది” అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, “నోరుండాది గదా అని ఏమైనా చెప్పేదేనా అన్నా?”

అతను లోపలికి పోయి సంతకం పెట్టాడు. ఆ ముక్క తిరిగి ఇవ్వలేదు. పది రోజులకు వాళ్ళిద్దరూ ధర్మవరం బస్సెక్కారని నర్సమ్మ చెప్పింది.

“ప్రింటు ఎవరబ్బా కోసింది?” అని ఆ సాయంత్రమే మేనేజరు అరిచాడు.

“నేనే సార్. పొద్దున మనిద్దరం కోసింది పది నిమిషాలు. ఇది జానెడు.”

ఆ తర్వాత పనిచేసిన పెనుకొండ థియేటర్లోనూ ఇంకెక్కడా నా చేత్తో ఒక్క రీలూ లేపలేదు, అందుకు రెండు ఉద్యోగాలు పోయాయి. గ్రంథాలయానికి ఇప్పటికీ పోతాను. కానీ నేను చూడని దాని గురించి ఎవరైనా అడిగితే, తెలీదు అనే చెబుతాను.