చాచా అడిగిన తోవ

మా ఎదురింటి చాచా మొన్న శుక్రవారం పోయారు. గుండె ఆగిందని డాక్టరు రాసిచ్చాడు. రాయాల్సింది మా గౌలిపుర గల్లీ పేరు.

చాచా వడ్రంగి. ఇరవై ఏళ్లు అండమాన్‌లో పనిచేసి వచ్చారు. అక్కడ భూమి ఊగినప్పుడు పక్కింటి బీరువా తలుపుకు అడ్డంగా పడిందట. లోపల తల్లీబిడ్డా, బయట ఈయన. తలుపు విరగ్గొట్టేసరికి ఆలస్యమైంది. 

ఇక్కడికొచ్చాక ఇల్లిల్లూ తిరిగి, ఇనుప పట్టీలతో బీరువాలను గోడకు బిగిస్తానన్నారు, కూలి వద్దన్నారు. కొత్త బీరువాకు బొక్క పెట్టనివ్వనని మా అమ్మ పట్టుబట్టింది. అటక మీది ఇత్తడి బిందెలు దించమంటే ఆడవాళ్లంతా ముఖం ముడుచుకున్నారు. హైదరాబాద్ కింద అంతా బండే, ఇక్కడ భూకంపమేందని నేనూ ఆటపట్టించాను.

"కింద బండ ఉంటే ఏంది బేటా, మీద గోడలు ఏ జమానావో చూసినవా?" అన్నారు.

ఆయన మంచం పైన గోడకు కేలండర్ తప్ప ఏమీ ఉండేది కాదు. మంచం కింద చెప్పులు, టార్చిలైటు. నెలకోసారి మనవలను బల్ల కింద దూర్చి, గడియారం చూస్తూ బయటికి ఉరికించేవారు. పిల్లలు గడప దాకా బాగానే వచ్చేవాళ్లు. గడప దాటితే బండ్లు. ఒకదానికొకటి ఆనించి, హ్యాండిల్ తాళాలు వేసి, గల్లీ పొడుగునా బండ్లే. అప్పుడు మాత్రం చాచాకు ఒళ్లు మండేది.

"ఇంట్లకెల్లి బయటపడుడు నా పని. గల్లీలకెల్లి బయటపడుడు మీ అందరి పని" అనేవారు.

సరే చాచా, తీస్తాం చాచా అనేవాళ్లం. ఒక్కరమూ తీయలేదు. ఆయన గడప ముందున్న బండి నాదే.

శుక్రవారం నమాజుకు తయారవుతూ కూలబడ్డారు. అంబులెన్సు గల్లీ మొదట్లోనే ఆగింది, స్ట్రెచర్ లోపలికి పట్టలేదు. నేను బండి తాళంచెవి కోసం మేడ మీదికి పరిగెత్తాను. అది మా తమ్ముడి జేబులో ఉంది, తమ్ముడు ఆఫీసులో ఉన్నాడు. చివరికి చాచాను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం బండ్ల మీదుగా ఎత్తి మోశాం. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి.

"మెల్లగ బేటా, బండ్లు పడ్తయి" అన్నారు.

అంబులెన్సు ఎక్కించేసరికి మాట లేదు. ఈ గల్లీలో మా అందరి ప్రాణాల గురించి రోజూ ఆలోచించిన మనిషి ఆయనొక్కరే. అది తలుచుకుంటే నా మీద నాకే చెప్పలేనంత కోపం వస్తోంది.

మర్నాడు జనాజా. ఎవరూ చెప్పకుండానే కుర్రాళ్లు బండ్లన్నీ తీశారు. తాళం వేసినవాటిని ఎత్తుకెళ్లి రోడ్డు మీద పెట్టారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. గల్లీ అంత వెడల్పని నాకు ఆ రోజే తెలిసింది. బతికున్నప్పుడు అడిగితే ఇవ్వని తోవ పోయినాక ఇచ్చాం. చాచాను ఎంత మర్యాదగా సాగనంపామో అని మళ్లీ మేమే చెప్పుకున్నాం.

కబ్రస్తాన్ నుంచి వచ్చి, ఇకమీదట నా బండి మెయిన్ రోడ్డు మీదే ఉంటుందని, అక్కడిదాకా నడిచే వెళ్తానని అమ్మకు చెప్పాను. తెల్లారి లేచి చూస్తే, చాచా గడప ముందు, నా బండి తీసిన చోట, ఇంకొకరి బండి ఉంది.